లోగోలో కుట్టుమిషన్ ఉండాలా? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

లోగో గీయించుకునే ముందు ఏం ఆలోచించాలి అని పోయిన నెల ఈ శీర్షికలో నాలుగు ముక్కలు రాసినందుకు వచ్చిన ఉత్తరాలివి. కొన్నిటిని కుదించాను, పేర్లు తీసేశాను. కొంతమంది లోగోలు కూడా పంపారు కానీ వాటిని అచ్చు వేయడం లేదు, ఎందుకంటే జవాబుల్లో నేను కాస్త కటువుగానే మాట్లాడాను.

ప్రశ్న: ఇంట్లోనే బట్టలు కుట్టేదాన్ని. ఇప్పుడు ఇంకో మిషన్ కొని, ఒకమ్మాయిని పనిలో పెట్టుకుని, విడిగా గది తీసుకున్నాను. బోర్డు రాయించేలోపు లోగో కావాలని మా తమ్ముడు గీశాడు. కుట్టుమిషన్, కత్తెర, సూది దారం, ఒక అమ్మాయి నీడ, చుట్టూ పూలతీగ, కింద పేరు, దాని కింద 'మీ అందం మా బాధ్యత' అని ట్యాగ్‌లైన్, ఆపైన ఫోన్ నంబరు. బాగానే ఉంది కానీ కిక్కిరిసినట్టుంది. ఏది తీసేయాలి? చెప్పిన రోజుకి ఇస్తానని మాత్రం నాకు మంచి పేరుంది.

జవాబు: దాదాపు అన్నీ తీసేయాలమ్మా. మీ తమ్ముడి చెయ్యి బాగుంది, అలాంటి పూలతీగ గీయడం నాకు రాదు. కానీ ఒక పని చేయండి. ఆ బొమ్మని వాట్సాప్ డీపీగా పెట్టి, ఇంకొకరి ఫోన్ తీసుకుని చాట్ లిస్టులో చూడండి. గోరంత గుండ్రంలో నల్లటి ముద్ద కనిపిస్తుంది, కత్తెరేదో తీగేదో తెలీదు, ఫోన్ నంబరు అంచుల దగ్గర తెగిపోయి ఉంటుంది. తర్వాత మెడ లోపల కుట్టే లేబుల్ సంగతి, రెండు సెంటీమీటర్ల నేత లేబుల్ అనుకోండి, దాని మీద గీత అంటే దారం పోగే, పోగు కన్నా సన్నగా ఏదీ రాదు. ఆ సైజులో సూది కనిపించాలంటే దాన్ని గునపమంత లావుగా గీయాలి. దారం గురించి మీకు నేను చెప్పడమేంటి లెండి.

ఆపిల్ కంపెనీ కూడా మొదట్లో మీలాగే చేసింది. 1976లో రోనాల్డ్ వేన్ గీసిన మొదటి లోగోలో న్యూటన్ చెట్టు కింద కూర్చుని ఉంటాడు, తల మీద వేలాడుతూ ఓ పండు, చుట్టూ రిబ్బను మీద కంపెనీ పేరు, అంచుల వెంట ఒక కవితా పంక్తి కూడానూ. ఏడాది తిరిగేసరికి దాన్ని పక్కన పడేశారు. 1977లో రాబ్ జానాఫ్ గీసిన కొరికిన పండే కొద్ది మార్పులతో ఇప్పటికీ నడుస్తోంది. ఆ కొరుకుడు వెనక పెద్ద వేదాంతం ఉందని రకరకాల కథలు చెప్తారు గానీ, చిన్న సైజులో చూసినప్పుడు చెర్రీ అనుకోకూడదనే అలా చేశానని గీసినాయనే చెప్పాడు. ఇంకోటి గమనించారా, కంప్యూటర్ల కంపెనీ లోగోలో కంప్యూటర్ లేదు.

మీరేం పని చేస్తారో వివరించడం లోగో పని కాదు. బోర్డు మీద పేరు కింద 'బట్టలు కుట్టబడును' అని ఒక్క లైను రాస్తే ఆ పని అయిపోతుంది. లోగో పనల్లా రెండోసారి చూసినప్పుడు 'ఇది ఆవిడదే' అనిపించడం. కుట్టుమిషన్ బొమ్మ ఈ పని చేసేవాళ్లందరూ వేసుకుంటారు, అందుకే మిమ్మల్ని గుర్తుపట్టడానికి అది ఏమాత్రం పనికిరాదు.

ఉత్తరం చివర్లో, అదేదో పెద్ద విషయం కానట్టు, చెప్పిన రోజుకి ఇస్తానని పేరుందని రాశారు చూడండి, అదీ మీ బ్రాండ్. టైలర్ దగ్గరికి పదిసార్లు తిరగని మనిషి ఉంటాడా? అలాంటప్పుడు ఆ మాట ముందుగా కనిపించాల్సింది లోగోలో కాదు, మీరిచ్చే చీటీలో. ఇప్పుడు చీటీ మీద మీ పేరు పెద్దగా, తేదీ మూలన గీత మీద బాల్‌పెన్నుతో చిన్నగా ఉంటుందనుకుంటాను. దాన్ని తిరగేయండి. తేదీకి చీటీలో సగం జాగా ఇవ్వండి, పెద్ద గడిలో లావు పెన్నుతో రాసివ్వండి, పేరు కింద చిన్నగా ఉన్నా చాలు. ఆ చీటీని ఇంట్లో అద్దానికి అంటించుకుంటారు. 'మీ అందం మా బాధ్యత' అవసరం లేదు, అది సబ్బు ప్రకటనలా ఉంది.

ఇక లోగో అంటారా, పేరుని మంచి అక్షరాల్లో రాయించండి, అంతకు మించి ఒకే ఒక్క విశేషం పెట్టండి. మన తలకట్టుని ఎప్పుడైనా అలా తేరిపార చూశారా? అచ్చం టిక్కు గుర్తులా ఉంటుంది. మీ పేరులో మొదటి అక్షరానికి తలకట్టు ఉంది. ఆ ఒక్క తలకట్టుని మిగతా అక్షరాల కన్నా లావుగా, వేరే రంగులో, పని అయిపోయిందని టిక్కు పెట్టినట్టు గీయమని మీ తమ్ముడికి చెప్పండి. లేబుల్ మీద, డీపీలో ఆ అక్షరం ఒక్కటే వాడండి. గీశాక పక్కింటి పిల్లకి పది సెకన్లు చూపించి, దాచేసి, గుర్తున్నది గీయమనండి. ఆ పిల్ల టిక్కు గీస్తే లోగో కుదిరినట్టే.

ప్రశ్న: నీళ్ల ఫిల్టర్లు రిపేరు చేస్తాను. తెలిసినాయన లోగో చేసిచ్చాడు, ఫోన్‌లో అదిరిపోయింది. పది అడుగుల ఫ్లెక్స్ కొట్టిస్తే అంచులన్నీ మెట్లు మెట్లుగా వచ్చాయి, నీలం కాస్తా వంకాయ రంగైంది, లోగో వెనక తెల్లటి డబ్బా కూడా పడింది. ఫ్లెక్స్ వాళ్లు మీ ఫైలే అంత అంటున్నారు. చేసిచ్చినాయన ఫోన్ ఎత్తడం లేదు.

జవాబు: ఫ్లెక్స్ వాళ్ల తప్పు లేదండీ, మూడు గొడవలూ ఫైలు దగ్గరివే. మీ దగ్గరున్నది జేపీజీ, అంటే చుక్కలతో చేసిన ఫొటో. వెడల్పులో వెయ్యి చుక్కలున్న ఫొటోని పది అడుగులకి సాగదీస్తే ఒక్కో చుక్క మూడు మిల్లీమీటర్లవుతుంది, మీకు కనిపించిన మెట్లు అవే. లోగోని వెక్టర్‌లో గీయాలి. అందులో చుక్కలుండవు, ఇక్కణ్ణుంచి అక్కడికి ఈ వంపుతో గీత అనే లెక్క మాత్రమే ఉంటుంది, కాబట్టి పెన్ను మీదికైనా మేడ మీదికైనా ఒకే పదును. దాన్ని ఎస్‌వీజీ, ఏఐ (ఇల్లస్ట్రేటర్ సాఫ్ట్‌వేర్ ఫైలు), ఈపీఎస్, పీడీఎఫ్ ఇలా రకరకాల ఫైళ్లుగా ఇస్తారు. ఒక చిన్న మోసం ఉంది ఇందులో, జేపీజీని తీసుకెళ్లి పీడీఎఫ్‌లో అతికించి 'ఇదిగో వెక్టర్' అని ఇచ్చేవాళ్లుంటారు. ఫైలు తెరిచి ఎంత వీలైతే అంత పెద్దది చేసి చూడండి, అంచు మసకబారిందంటే అది ఫొటోనే.

తెల్లడబ్బా కారణం కూడా అదే, జేపీజీకి పారదర్శకత తెలీదు, వెనక ఏదో ఒక రంగు ఉండాల్సిందే. ఫోన్‌లో, వెబ్‌సైట్‌లో పెట్టుకోవడానికి వెనక ఖాళీగా ఉండే పీఎన్‌జీ అడగాలి.

రంగు సంగతి కొంచెం ఓపిగ్గా చదవండి. ఫోన్ స్క్రీన్ ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుతురు కలిపి రంగులు పుట్టిస్తుంది, దాన్ని ఆర్‌జీబీ అంటారు. ప్రింటింగ్‌లో వెలుతురు లేదు, సిరా ఉంది: సయాన్ (ఆకాశనీలం లాంటిది), మెజెంటా (ముదురు గులాబీ), పసుపు, నలుపు, కలిపి సీఎంవైకే. స్క్రీన్ మీద మెరిసే నీలాలు కొన్ని ఈ నాలుగు సిరాలతో పుట్టనే పుట్టవు. సిరాతో నీలం రావాలంటే సయాన్‌లో మెజెంటా కలపాలి, ఆ మెజెంటా సయాన్‌కి దగ్గరగా వచ్చిందంటే మీ ఫ్లెక్స్ మీద వచ్చిన వంకాయ రంగే వస్తుంది. సయాన్ కన్నా మెజెంటా కనీసం 30 శాతం తక్కువుండేలా చూసుకోమని ప్రింటింగ్ వాళ్లు చెప్పే చిట్కా. ఈసారి రంగుని స్క్రీన్ మీద చూసి కాదు, ప్రింటు తీయించి, ఎండలో ఒకసారి ట్యూబులైటు కింద ఒకసారి చూసి ఖాయం చేయండి. తర్వాత ఆ రంగుకి సీఎంవైకే అంకెలు, స్క్రీన్‌కి వాడే ఆరక్షరాల హెక్స్ కోడ్ రెండూ ఒక కాగితం మీద రాయించి పెట్టుకోండి. 'అదే నీలం వెయ్యి బాబూ' అని నోటితో చెప్తే ప్రతిచోటా వేరే నీలం వస్తుంది. 1963 నుంచి ఉన్న, పాంటోన్ అనే కంపెనీ ఇచ్చే రంగుల నంబర్లు పుట్టిందే ఈ బాధ తప్పించడానికి, అయితే మీ స్థాయికి అదింకా అక్కర్లేదు.

ఫోన్ ఎత్తనాయన కోసం ఆగకండి, ఆ జేపీజీని చూసి కొత్తగా వెక్టర్‌లో గీయమని ఇంకెవరినైనా అడగండి, తెలిసినవాళ్లకి పెద్ద పని కాదు. కానీ సాఫ్ట్‌వేర్‌లో ఒక బటన్ నొక్కి ట్రేస్ చేస్తే ఒప్పుకోవద్దు, అక్షరాల మూలలన్నీ కరిగిన మైనంలా వస్తాయి. ఒక్క రంగులో, పూర్తి నలుపులో, ముదురు రంగు మీద వేయడానికి పూర్తి తెలుపులో కూడా తీసుకోండి. నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తలో ఒకాయనకి నీలం నుంచి ఆకుపచ్చకి మెల్లగా మారే గ్రేడియంట్ లోగో ఇచ్చి తెగ మురిసిపోయాను. నెల తర్వాత ఆయన బిల్లు కాగితం నా ముందు పెట్టాడు, దాని మీద రబ్బరు స్టాంపు. గుండ్రటి సిరా మరక తప్ప ఏమీ లేదు. అప్పట్నుంచి నలుపులో కుదిరాకే రంగు జోలికి వెళ్తున్నాను.

ప్రశ్న: పిల్లలకి డ్రాయింగ్ నేర్పిస్తాను. పేరు తెలుగు మాటే. లోగోలో తెలుగులో రాయించాలని నాకు, ఇంగ్లీషులో ఉంటేనే స్టైల్ అని మా అబ్బాయికి. మీరేమంటారు?

జవాబు: మీ దగ్గరికి పిల్లల్ని తీసుకొచ్చేవాళ్లు ఏది చదువుతారో అది. మీవాళ్లలో రెండూ చదివేవాళ్లున్నారు కాబట్టి రెండూ ఉండొచ్చు, కానీ ఒకటి పెద్దది కావాలి, రెండోది దానికి తోడుగా చిన్నగా ఉండాలి. సమానంగా పెడితే ఒక బోర్డు మీద రెండు వ్యాపారాలున్నట్టుంటుంది. పెద్దది తెలుగు చేయమనే నా సలహా, ఎందుకంటే తెలుగు అక్షరాల్ని శ్రద్ధగా గీయించుకునేవాళ్లు తక్కువ, చేయించుకుంటే ఇట్టే గుర్తుండిపోతుంది. స్టైల్ లేనిది భాషకి కాదు, దొరికిన ఫాంటులో టైపు కొట్టి సాగదీసిన అక్షరాలకి.

అయితే తెలుగుతో పని ఎక్కువ. ఇంగ్లీషు పెద్దక్షరాలు రెండు గీతల మధ్య బుద్ధిగా నిలబడతాయి. మన అక్షరాలకి పైన గుళ్లు, పక్కన కొమ్ములు, కింద ఒత్తులు. 'కల' అని రాస్తే ఒక వరసలో ఒదుగుతుంది, అదే 'సౌందర్య' అని రాస్తే ఔత్వం పైకి లేస్తుంది, 'య' ఒత్తు కిందికీ పక్కకీ తోక చాస్తుంది, పేరుకి కావలసిన ఎత్తు బాగా పెరిగిపోతుంది. పొడుగ్గా ఇరుగ్గా ఉండే బోర్డులో అలాంటి పేరు పట్టించాలంటే అక్షరం చిన్నదైపోతుంది. అందుకని పేరు పెట్టకముందే వస్తే నేను మొదట చూసేది ఒత్తులెన్ని ఉన్నాయనే. చిన్న సైజులో పోలికల బాధ ఒకటి: 'ధ' కింద గీత పూడుకుపోతే 'ద' అవుతుంది, 'మ'ని 'వు' అని చదువుతారు, తలకట్టు సన్నబడితే అక్షరం బోడిగా మిగులుతుంది. మీ పేరులో 'ధ' ఉంది కాబట్టి ఆ కింది గీతని మామూలు కన్నా పొడుగ్గా లాగమనండి.

ఫాంటు విషయంలో రెండు జాగ్రత్తలు. పాత డీటీపీ ఫాంట్లు చాలావరకు యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ అక్షరాల్ని ఒకేలా గుర్తుపట్టే పద్ధతి) కావు, ఫైలు ఇంకో కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగు పోయి పిచ్చి గుర్తులు వస్తాయి. యూనికోడ్ ఫాంటు వాడినా కొన్ని డిజైన్ సాఫ్ట్‌వేర్లలో సెట్టింగు సరిగ్గా లేకపోతే ఒత్తు విడిపోయి అక్షరం పక్కన అనాథలా నిలబడుతుంది. డిజైన్ చేసేవాళ్లకి తెలుగు రాకపోతే అదే డిజైన్ అనుకుని ప్రింటుకి పంపేస్తారు! పేరు కుదిరాక అక్షరాల్ని ఔట్‌లైన్లుగా మార్చమని అడగండి, అప్పుడవి బొమ్మలైపోతాయి, ఏ కంప్యూటర్‌లోనైనా చెదరవు. గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర, మండలి, సురన్న లాంటి తెలుగు ఫాంట్లు ఓపెన్ లైసెన్సుతో ఉన్నాయి, వ్యాపారానికి వాడుకోవచ్చు. వాటిని ఉన్నదున్నట్టు పెట్టకుండా ఒకట్రెండు అక్షరాలు చేత్తో సవరించండి, డ్రాయింగ్ మాస్టారి బోర్డు కదా.

మీ అబ్బాయికి మాత్రం ఒక పని అప్పజెప్పండి. ఆ పేరుకి ఇంగ్లీషు స్పెల్లింగ్ తేల్చమనండి. 'త'కి ఒట్టి టీ చాలా, హెచ్ కూడా పెట్టాలా, దీర్ఘానికి ఏ ఒకటా రెండా? జనం సెర్చ్‌లో ఎలా కొడతారో నలుగురితో కొట్టించి చూడమనండి. ఎక్కువమంది కొట్టిన స్పెల్లింగే బోర్డు మీద, ఇన్‌స్టాగ్రామ్‌లో, బిల్లు మీద, బ్యాంకు ఖాతాలో అన్నిచోట్లా ఒకేలా ఉండాలి. నిజం చెప్పాలంటే లోగో కన్నా ఇదే ముఖ్యం.

ప్రశ్న: మా లోగోకి తొమ్మిదేళ్లు. పార్ట్‌నర్‌కి విసుగొచ్చింది, మొత్తం మార్చేద్దామంటున్నాడు. తనకి మొదట్నుంచీ నచ్చలేదట. మార్చాలా?

జవాబు: రోజూ చూసేది మీరిద్దరు, విసుగూ మీకే వస్తుంది. కస్టమర్ దాన్ని ఏడాదికి నాలుగుసార్లు చూస్తాడేమో, అతనికిప్పుడిప్పుడే గుర్తుండటం మొదలైంది. 2009లో ట్రాపికానా జ్యూస్ డబ్బా మీద అందరికీ తెలిసిన, స్ట్రా గుచ్చిన నారింజ బొమ్మ తీసేసి శుభ్రంగా కొత్త డిజైన్ పెట్టారు. అరలో మనం ఎప్పుడూ తీసుకునేది ఎక్కడుందో జనానికి కనపడలేదు, అమ్మకాలు పడిపోయాయి, రెండు నెలలు తిరక్కుండానే పాత డబ్బా వెనక్కి తెస్తామని ప్రకటించారు. 2010లో గ్యాప్ అనే బట్టల కంపెనీ అయితే కొత్త లోగోని వారం రోజుల్లోపే వెనక్కి తీసుకుంది.

నచ్చడం అన్నది కొలమానం కాదు. నైకీ గుర్తు 1971లో క్యారొలిన్ డేవిడ్‌సన్ అనే విద్యార్థిని గీసింది, 35 డాలర్లు ఇచ్చారు, కంపెనీ పెట్టిన ఫిల్ నైట్‌కి అది చూడగానే ఏమంత నచ్చలేదు, అలవాటు పడతానేమో అన్నాడు. మీరు చూడాల్సింది వేరే: ఆ లోగో ఎక్కడైనా పని చెడగొడుతోందా? డీపీలో చదవలేకపోతున్నారా, వ్యాపారం మారిపోయి పాత పేరు తప్పుడు అర్థం ఇస్తోందా, ఇంకెవరిదో అనుకుంటున్నారా? అవునంటే చెడిన చోటు మాత్రం బాగుచేయండి, రంగూ ఆకారం ముట్టుకోకండి. కాదంటే పార్ట్‌నర్‌తో సిగ్నేచర్ పెన్ను ఒకటి కొనిపించండి, కొత్తదనం సరదా తీరుతుంది.

ప్రశ్న: ఫ్రీ యాప్‌లో లోగో చేసుకున్నాను, ఐదు నిమిషాల పని. అది నాదే కదా? ఎవరైనా కాపీ కొడితే కేసు వేయొచ్చా?

జవాబు: మీరు ఎవరిది కాపీ కొట్టినట్టయిందో ముందు చూసుకోండి. యాప్‌లోని టెంప్లేటు మీ ఒక్కరి కోసం చేసింది కాదు, అదే ఆకు, అదే గుండ్రం ఇంకెంతమంది వాడుకుంటున్నారో లెక్కలేదు. షరతుల్లో 'ఎక్స్‌క్లూజివ్' హక్కు ఇవ్వడం లేదని, కొన్నిట్లో ట్రేడ్‌మార్క్‌గా రిజిస్టర్ చేసుకోకూడదని కూడా ఉంటుంది, బద్ధకించకుండా చదవండి. కృత్రిమ మేధతో (ఏఐ) చేయించినా చిక్కే, మనిషి సృజన లేని బొమ్మకి అమెరికా కాపీరైట్ ఆఫీసు కాపీరైట్ ఇవ్వదు. డిజైనర్ చేత గీయించినా సరే, డబ్బిచ్చినంత మాత్రాన హక్కులు మీ పేరు మీదికి వచ్చేశాయని అనుకోకండి, చాలాచోట్ల రాతపూర్వకంగా బదిలీ చేస్తే తప్ప అవి గీసినవాళ్లవే. చివరి వాయిదా ఇచ్చే రోజునే ఆ కాగితం, వెక్టర్ ఫైళ్లు, ఫాంటు లైసెన్సు అన్నీ కలిపి తీసుకోండి.

ట్రేడ్‌మార్క్‌కి వెళ్లేటట్టయితే ముందు పేరు వెతకండి, బొమ్మ తర్వాత. నైస్ వర్గీకరణ అని అంతర్జాతీయంగా వాడేది ఒకటుంది, అందులో 45 తరగతులు, 34 వస్తువులకి, 11 సేవలకి. మీ పేరే వేరే తరగతిలో వేరేవాళ్లకి ఉండొచ్చు, మీ తరగతిలో ఉంటే మాత్రం చిక్కు. రిజిస్టర్ కాకముందు పేరు పక్కన టీఎం అని పెట్టుకోవచ్చు, గుండ్రంలో ఆర్ అక్షరం మాత్రం రిజిస్టర్ అయ్యాకే.

ప్రశ్న: నీలం అంటే నమ్మకం, ఎరుపు అంటే ఉత్సాహం అని చార్టులో చదివాను. మా కొరియర్ సర్వీసుకి ఏ రంగు?

జవాబు: ఆ చార్టు మీ పోటీదార్లు కూడా చదివారు. మీరు డెలివరీ ఇచ్చే వీధుల్లో మిగతా కొరియర్లవాళ్ల బళ్ల ఫొటోలు తీసి ఒక పేజీలో పక్కపక్కన పెట్టండి, ఏ రంగు లేదో అది తీసుకోండి. ఎరుపు, ఆకుపచ్చ పక్కపక్కన పెట్టి వాటి తేడా మీదే ఆధారపడొద్దు, మగవాళ్లలో సుమారు పన్నెండు మందిలో ఒకరికి రంగుల తేడా, ఎక్కువగా ఈ రెండిటి దగ్గరే, సరిగ్గా తెలీదు. లోగోని ఫోన్‌లో బ్లాక్ అండ్ వైట్ చేసి చూడండి, అక్షరాలు వెనక రంగులో కలిసిపోతే ఆ జత మార్చేయండి. దుమ్ము పట్టిన బండి మీద కూడా ఒకసారి.